సీడీ బీరువాలో, అక్క బల్ల మీద

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో, క్యాన్సర్ అనగానే పెట్ స్కాన్ రాసేస్తున్నారు, చాలామందికి అది దండగ ఖర్చు అన్నట్టు ఒక వ్యాసం వేశారు. అందులో నిజం లేదనను. అక్కర్లేని పరీక్షలు రాయించుకుని బిల్లు చూసి నోరెళ్లబెట్టినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. కానీ సోమవారం పొద్దున పాలప్యాకెట్ల దగ్గర మా వీధి ఆవిడ ఒకరు కనపడి, వాళ్ల తోడికోడలికి గర్భసంచి ముఖద్వారం క్యాన్సరని తేలిందని, డాక్టరు పెట్ స్కాన్ రాశాడని, అది మానేసి ఆ డబ్బులు మందులకు ఉంచుకుందామనుకుంటున్నామని చెప్పి, "పేపర్లో కూడా వచ్చింది కదండీ" అంది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉత్తరం కాస్త పొడుగే అవుతుంది, కత్తిరించుకోండి, కానీ స్కాన్ సంగతి మాత్రం ఉంచండి.

నేను డాక్టర్ని కాదు. తెనాలిలో పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని రిటైరైన మనిషిని. రెండేళ్ల కిందట మా అక్కకి ఇదే జబ్బు వస్తే ఆవిడ పక్కన రెండు నెలలు ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నాను. అక్కడ ఊరికే కూర్చోలేక అందర్నీ అడిగి తెలుసుకున్నవి, ఇంటికొచ్చాక చదివి సరిచూసుకున్నవి రాస్తున్నాను.

మనవైపు రేడియేషన్ అని ఎవరంటారు, "కరెంటు పెట్టడం" అంటాం. ఆ మాటలోనే ఉంది తికమకంతా. స్విచ్ వేస్తే బల్బు వెలిగినట్టు, ఈ జబ్బు ఉన్న ఆడవాళ్లందరికీ పొత్తికడుపు మీద ఒకేలా కరెంటు పెట్టేస్తారని నేనూ అనుకున్నాను. అలా కాదు. మెషీన్ కింద పడుకోబెట్టడానికి ముందు ఒక వారం, పది రోజులు కంప్యూటర్ దగ్గర ఒక పని జరుగుతుంది. మనిషి నడుము భాగాన్ని సొరకాయ చక్రాలు తరిగినట్టు సన్నసన్నటి ముక్కలుగా తీసిన స్కాన్ మీద, ముక్కముక్కకీ డాక్టరు మౌస్‌తో గీత గీస్తారు. ఇక్కడిదాకా కరెంటు పడాలి, ఇది మూత్రసంచి, ఇది పేగు, దీనిమీద వీలైనంత తక్కువ పడాలి, అని. ఆ గీత లోపల ఉన్నదానికే వైద్యం. గీత బయట ఒక చిన్న లింఫు గ్రంథిలో జబ్బు దాక్కుని ఉంటే మెషీన్ ఎన్ని కోట్లదైనా దానికి తెలీదు, పక్కనుంచి వెళ్లిపోతుంది.

ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పడానికే ఈ స్కాన్. మామూలు సీటీలో గ్రంథి సైజు, ఆకారం కనపడతాయి. ఎనిమిది మిల్లీమీటర్ల గ్రంథిలో జబ్బు ఉండొచ్చు, పన్నెండు మిల్లీమీటర్లది ఏదో పాత ఇన్ఫెక్షన్‌కి ఉబ్బి ఉండొచ్చు, సైజు చూసి చెప్పడం కష్టం. పెట్ స్కాన్ సైజుతో ఆగదు, అక్కడ ఏం పని జరుగుతోందో చూపిస్తుంది. క్యాన్సర్ కణాలు మామూలు కణాలకంటే ఎక్కువ గ్లూకోజు లాక్కుంటాయని దాదాపు నూరేళ్ల కిందట జర్మనీలో శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ గమనించాడు. గ్లూకోజు లాంటి పదార్థానికి కాస్త రేడియోధార్మికత తగిలించి నరంలోకి ఎక్కిస్తే, అది ఎక్కడ ఎక్కువ పోగయిందో అక్కడ తెర మీద వెలుగుతుంది. (ఈ ముక్క విని మా ఆడపడుచు ఒకావిడ అక్కకి అన్నం, పండ్లు మాన్పించేసింది, తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుందని. పది రోజుల్లో మనిషి మూడు కిలోలు తగ్గింది. డాక్టరమ్మ చూసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్నం తినాలి, బరువు తగ్గితే కొలతలన్నీ మారతాయి.)

స్కాన్ మొదటి రోజు జరగనే లేదు. ఆరు గంటలు ఏమీ తినొద్దన్నారు, అక్క తినలేదు, కానీ బస్టాండులో టీ తాగింది. "టీ తిండేంటే" అంది నాతో. చక్కెర వేసిన టీ, పైగా ఆవిడకి షుగరు. అక్కడ వేలు పొడిచి చూస్తే 230 దాటింది. రక్తంలో షుగరు అంత ఉంటే ఎక్కించిన మందు జబ్బులోకి సరిగ్గా పోదు, బొమ్మ మసకగా వస్తుంది అని వెనక్కి పంపారు. ఆ మందు వేరే ఊళ్లో తయారై ప్రతి పొద్దున బండిలో వస్తుందట, 110 నిమిషాలకల్లా అందులో సగం బలం పోతుందట, కాబట్టి సాయంత్రం మళ్లీ రండి అనడానికి ఉండదు. రెండు రోజులాగి మళ్లీ వెళ్లాం. ఈసారి అక్క టీ కొట్టు వైపు కూడా చూడలేదు. సూది వేశాక ఒక గంట మసక వెలుతురు గదిలో దుప్పటి కప్పి పడుకోబెట్టారు. మాట్లాడొద్దు, నడవొద్దు, ఫోన్ చూడొద్దు, ఎందుకంటే ఏ కండ కదిలితే ఆ కండ కూడా గ్లూకోజు లాక్కుంటుంది. మా అక్క జన్మలో గంటసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

స్కాన్ అయ్యాక ఒక పెద్ద కవర్ ఇచ్చారు. అందులో రెండు పేజీల కాగితం, రంగు బొమ్మల షీటు, ఒక సీడీ. కాగితం ఆస్పత్రి ఫైల్లో పెట్టాం. సీడీ మా ఇళ్లల్లో ఎవరికి కావాలి, అక్క దాన్ని నరసరావుపేట దగ్గర వాళ్ల ఊరికి తీసుకుపోయి బీరువాలో పట్టుచీరల కింద దాచింది, డబ్బు పెట్టి చేయించిన వస్తువు కదా అని. సీడీ జాగ్రత్త, అదే ముఖ్యం అని స్కాన్ సెంటర్లో ఎవరూ చెప్పలేదు. రేడియేషన్ ఇచ్చే ఆస్పత్రిలో ఎవరూ అడగలేదు. మిర్చి యార్డు నుంచి రావాల్సిన డబ్బులు ఇంకా రాక, అప్పు చేసి కట్టిన స్కాన్ అది.

తర్వాత ప్లానింగ్ స్కాన్ ఇంకోటి తీశారు. అది వేరే. బల్లపరుపు చెక్క మీద పడుకోబెట్టి, మూత్రం పోయించి, అర లీటరు నీళ్లు తాగించి, ముప్పావు గంట ఆగి, మూత్రసంచి నిండాక తీస్తారు. మూత్రసంచి నిండితే గర్భసంచి ఒకచోట ఉంటుంది, ఖాళీ అయితే ఇంకోచోటికి జరుగుతుంది, అందుకని రోజూ అదే కొలతలో నీళ్లు తాగి రావాలి. నడుముకి అటూ ఇటూ, మధ్యలో, మూడు చుక్కలు పెట్టారు, గోడ మీంచి వచ్చే ఎర్ర లేజరు గీతలు రోజూ వాటి మీద పడాలి.

వారం అయ్యాక, మొదలుపెట్టేది సోమవారం అనగా గురువారం సాయంత్రం, కంప్యూటర్లో కరెంటు లెక్కలు వేసే ఫిజిసిస్ట్ అబ్బాయి ఒకతను బయటికొచ్చి "అమ్మా, పెట్ రిపోర్టులో వెన్నెముక పక్కన గ్రంథి అని రాసుంది, సీడీ ఏదీ?" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. గీతలు అప్పటికే గీసేశారు, మామూలుగా గీసే చోటిదాకా, అంటే పెద్ద రక్తనాళం రెండుగా చీలే నడుము ఎముక మట్టం దాకా. రిపోర్టులో రాసిన గ్రంథి దానికి పైన ఉంది. కాగితం మీద "పారా అయోర్టిక్", అంటే ఆ పెద్ద రక్తనాళం పక్కన, అని ఒక్క లైను, సైజు, అంతే. ఆ లైను చదివి కంప్యూటర్లో ఏ ముక్క మీద ఎక్కడ గీయాలో ఎలా తెలుస్తుంది? మా అక్క కొడుకు ఆ రాత్రి బీరువా తీసి, సీడీ పట్టుకుని తెల్లవారు బస్సుకి వచ్చాడు. "పిన్నీ, ఇదేనా, పెళ్లి వీడియోలు కూడా తెచ్చా" అన్నాడు, చూస్తే నిజంగానే మూడు సీడీలు.

ఆ అబ్బాయి మంచివాడు, తలుపు దగ్గర్నుంచి నన్ను తెర చూడనిచ్చాడు. నల్లటి తెర మీద మా అక్క కడుపు. అడుగున ఒక పెద్ద నిప్పుముద్ద వెలుగుతోంది. అయిపోయింది, అంతా పాకేసింది అనుకుని గోడ పట్టుకున్నాను. "అది మూత్రసంచి అమ్మా, మందు మూత్రంలోంచే బయటికి పోతుంది, అందుకే అన్నిటికంటే అది ఎక్కువ మెరుస్తుంది" అన్నాడు. దాని వెనక, కాస్త తక్కువ వెలుగుతో, గర్భసంచి మూతి దగ్గర గడ్డ. తర్వాత మౌస్ చక్రం తిప్పుతూ పైకి, ఇంకా పైకి వెళ్లి, వెన్నెముకకి ఎడమపక్క కందిగింజంత నారింజ చుక్క దగ్గర ఆపాడు. "ఇదీ." అదే చోట మామూలు సీటీ బొమ్మ పక్కన పెట్టి చూపిస్తే నాకు అక్కడ ఏమీ కనపడలేదు. ఆ రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టడానికే అతనికి చాలాసేపు పట్టింది. పెట్ తీసినప్పుడు పడుకోబెట్టింది గుంట పడిన మెత్తటి బల్ల మీద, ప్లానింగ్‌కి చదునైన చెక్క మీద, ఒకసారి మూత్రసంచి ఖాళీ, ఇంకోసారి నిండు. మొదటే చదును బల్ల మీద, అదే భంగిమలో పెట్ తీస్తే ఈ తిప్పలు చాలావరకు ఉండవట. ఆ సదుపాయం ఉన్న చోట్లూ ఉన్నాయట, మాకు చెప్పేవాళ్లు లేకపోయారు.

గీతలు మళ్లీ గీశారు, ఈసారి మూత్రపిండాల రక్తనాళాల మట్టం దాకా. మామూలు భాగానికి 25 రోజుల్లో 45 గ్రే (కరెంటు కొలత అది), జబ్బున్న గ్రంథులకు అదే 25 రోజుల్లో 55, పైన ఉన్నదానికి 57.5. అంటే వెలిగిన చుక్కలకు మాత్రం ఎక్కువ పడేలా, పక్కనున్న పేగుకీ కిడ్నీకీ తగ్గేలా. సోమవారం మొదలవ్వాల్సింది శుక్రవారం మొదలైంది. ఫైలు మీద దశ కూడా మార్చి రాశారు, త్రీ సీ టూ ఆర్ అని. 2018 ముందు ఈ జబ్బు దశని చేత్తో చూసి, చిన్నచిన్న పరీక్షలతో నిర్ణయించేవాళ్లట, స్కాన్లు అందరికీ దొరకవు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకునేవాళ్లు కారట. 2018లో నియమం మార్చి గ్రంథుల్లో జబ్బుంటే త్రీ సీ అన్నారు, ఆ ఆర్ అక్షరం స్కాన్‌లో చూసి చెప్పామని గుర్తు.

ఇదంతా విని పెట్ స్కాన్ దేవుడనుకోకండి. మీ వ్యాసం రాసినాయన వైపు కూడా చెప్తాను. పెట్‌లో వెన్నెముక పక్కన పై గ్రంథుల్లో ఏమీ లేదన్న 237 మంది ఆడవాళ్లకి ఫ్రాన్స్ డాక్టర్లు ఆపరేషన్ చేసి ఆ పై గ్రంథులు తీసి చూస్తే 29 మందిలో జబ్బు ఉంది, 2013లో అచ్చయిన లెక్క. మరీ చిన్న మరకలు ఆ తెరకు అందవు. తైవాన్‌లో ఎమ్మారైలో కింద గ్రంథులు ఉబ్బినట్టు కనపడిన 129 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకే పెట్ తీశారు. పెట్ వల్ల పైన జబ్బున్నవాళ్లు దొరికారు, గీత ఎక్కడిదాకా గీయాలో తెలిసింది, కానీ ఆ జట్టువాళ్లు ఎక్కువ కాలం బతికారని మాత్రం తేలలేదు, 2010లో చెప్పారు. చిన్న గడ్డతో మొదట్లోనే దొరికినవాళ్లకి ఇది అవసరమే పడకపోవచ్చు. ఇన్ఫెక్షన్ ఉన్నా వెలుగుతుంది, మనలో టీబీ గ్రంథులు ఉన్నవాళ్లు తక్కువా. అంచేత అందరికీ తీయాలని నేను అనడం లేదు.

కానీ మీ వ్యాసంలో ఈ స్కాన్ జబ్బు ఎక్కడుందో చూడ్డానికి మాత్రమే అన్నట్టు రాశారు, అక్కడే నాకు కోపం వచ్చింది. జబ్బు లేనిచోటు కూడా చూపిస్తుంది, అదీ పనికొస్తుంది. రక్తం తయారయ్యే మూలుగ పెద్దవాళ్లకి చాలానే నడుము ఎముకల్లో ఉంటుంది, సరిగ్గా మనం కరెంటు పెట్టే చోట. దానికితోడు వారానికోసారి కీమో మందు సిస్‌ప్లాటిన్ ఎక్కిస్తారు. రెండూ కలిసి రక్తకణాలు పడిపోతాయి, కౌంట్ తగ్గింది ఈ వారం మందు వద్దు అంటారు, అలా వారాలు పోతాయి. ఎముకలో ఏ భాగం చురుగ్గా పనిచేస్తోందో పెట్‌లో కనపడుతుంది కాబట్టి, ఆ భాగం మీద తక్కువ పడేలా గీతలు గీసి చూశారు అమెరికాలో శాన్ డియేగోలోని డాక్టరు లోరెన్ మెల్, ఆయనతో కలిసిన వేరే దేశాల వాళ్లు. 83 మందితో చేసిన ఆ పరిశీలనలో, 2017లో అచ్చయింది, పెట్ చూసి ఎముకని కాపాడినవాళ్లలో తెల్లకణాలు బాగా పడిపోవడం తక్కువగా కనిపించింది. చిన్న పరిశీలనే, ఒప్పుకుంటాను. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఉన్న రక్తమే అంతంతమాత్రం అయిన మనవాళ్లకి మూలుగ కాపాడటం ఎంత ముఖ్యమో నాకు చదువుకోనక్కర్లేకుండానే అర్థమైంది, అక్కకి హిమోగ్లోబిన్ ఎనిమిది గ్రాములుంటే రెండు సీసాలు రక్తం ఎక్కించి గానీ మొదలుపెట్టలేదు. ప్రాణవాయువు సరిగా అందని గడ్డ కరెంటుకి సగం లొంగదు, అందుకే రక్తం బాగుండాలంటారు. గడ్డలో అలా ఊపిరాడని భాగం ఏదో చూపించే వేరే మందులతో కూడా స్కాన్లు ఉన్నాయట, అవింకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నాయి.

ఎమ్మారై గురించి ఒక మాట. బయటి నుంచి పెట్టే కరెంటు అయ్యాక లోపలి నుంచి పెడతారు, గొట్టాలు అమర్చి. దాని పేరు చెబితేనే ఆడవాళ్లు భయంతో పారిపోతారు, కొంతమంది నిజంగా మళ్లీ రారు. కానీ అసలు దెబ్బ అక్కడే పడేది, అది మానేస్తే ముందు పెట్టిందంతా సగం పని. అప్పటికి గడ్డ బాగా కుంచించుకుపోయి ఉంటుంది, గొట్టాలు పెట్టాక ఎమ్మారై తీస్తే మిగిలిన గడ్డ ఆకారం ఎలా ఉందో చూసి దానికి తగ్గట్టు ఇవ్వొచ్చు. ఎమ్మారైలోనే నీటి కదలికను చూసే పద్ధతి ఒకటుంది, కణాలు కిక్కిరిసిన చోట నీరు కదలలేదు కాబట్టి ఆ చోటు తేడాగా కనపడుతుంది. ఎంబ్రేస్ అనే పెద్ద పరిశీలనలో, మన ముంబై టాటా మెమోరియల్ కూడా ఉంది అందులో, 1341 మందికి ఇలా ఎమ్మారై చూసి లోపలి కరెంటు పెడితే ఐదేళ్ల తర్వాత నూటికి 92 మందిలో ఆ చోట జబ్బు అదుపులోనే ఉంది, 2021లో వచ్చింది. అక్కకి మొదటిసారికి ఎమ్మారై తీశారు, మిగతా మూడుసార్లు సీటీతో సరిపెట్టారు, ఎమ్మారై గదికి క్యూ ఉందని. మొత్తం వైద్యం 8 వారాలు దాటకూడదు కాబట్టి క్యూ కోసం ఆగకపోవడమే మంచిదని డాక్టరమ్మ అంది, అది సబబుగానే తోచింది.

కరెంటు అయిన వెంటనే ఇంకో స్కాన్ తీసేద్దాం, తగ్గిందో లేదో చూద్దాం అని మా బావ ఒకటే టెన్షన్. అప్పుడే తీస్తే కరెంటుకి వాచి ఎర్రబడ్డ చోటంతా వెలుగుతుంది, లేనిపోని భయం. మూడు నెలలు ఆగాలి. అమెరికాలో సెయింట్ లూయిస్ డాక్టర్లు 2007లో 92 మంది లెక్క ఇచ్చారు, మూడు నెలల స్కాన్‌లో వెలుగు పూర్తిగా పోయినవాళ్లలో మూడేళ్లకి నూటికి 78 మందికి జబ్బు తిరిగి రాలేదు, కొంత మిగిలినవాళ్లలో 33 మందికే రాలేదు. అక్క స్కాన్‌లో నారింజ చుక్క లేదు. మూత్రసంచి మాత్రం ఎప్పట్లాగే వెలుగుతోంది, ఈసారి నేను గోడ పట్టుకోలేదు.

ఇక మా వీధి ఆవిడకి నేనేం చెప్పానో అది మీరు అచ్చు వేస్తే చాలు. స్కాన్ మంచిదా చెడ్డదా అని ఎవర్నీ అడగొద్దు. డాక్టర్ని ఒక్కటి అడగండి: ఈ స్కాన్ చూశాక మీరు గీసే గీత మారే అవకాశం ఉందా? ఉంది అంటే అప్పో సప్పో చేసి చేయించండి, మారదు, ఎలాగూ ఇదే ఇస్తాం అంటే, ఎందుకు రాశారని గట్టిగా అడగండి. గీత గీయకముందే తీయాలి, తర్వాత కాదు. ఈ స్కాన్‌ను వైద్యంలో భాగంగా లెక్కేసి, అవసరం ఉన్న ఆడవాళ్లకి ప్రభుత్వ పథకంలోనే తేలిగ్గా దొరికేలా చూడాలని మీ పేపరు రాస్తే ఇంకా సంతోషం. స్కాన్ సెంటర్ల వాళ్లు కవర్ మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో "ఈ సీడీ కరెంటు పెట్టే డాక్టరుకి ఇవ్వండి" అని ముద్రించడానికి ఎంత ఖర్చవుతుంది? రేడియేషన్ ఆస్పత్రుల్లో ఫైల్ తీసుకునే మనిషి కాగితాలతో పాటు సీడీ అడిగితే ఎంతసేపు పడుతుంది? మాకు నాలుగు రోజులతో పోయింది, ఫిజిసిస్ట్ అబ్బాయి ఆ ఒక్క లైను చదవకపోయి ఉంటే ఏమయ్యేదో.

తోడికోడలికి నిన్న స్కాన్ అయింది. టీ తాగలేదట. సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి, "సీడీ ఇచ్చారండీ, నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, బీరువాలో పెట్టలేదు" అంది.

మీ పాఠకురాలు,
తెనాలి